పూల కొట్టు నంబరు దగ్గర పెట్టుకుందాం

మా గదిలో నలుగురం ఉంటాం. మాలో ఒకరి నాన్నగారు మాఘమాసంలో, తూర్పు గోదావరిలోని సొంత ఊళ్ళో కాలం చేశారు. కబురు తెలిసేసరికి ఇక్కడ న్యూజెర్సీలో రాత్రి పది దాటింది, అక్కడ తెల్లవారి ఎండ ఎక్కుతోంది. మిత్రుడి వీసా కాగితాలు మధ్యలో ఉన్నాయి. వెళితే తిరిగి రావడం కుదరకపోవచ్చు. పోనీ తెగించి విమానం ఎక్కినా అందుకునేది లేదు. "సాయంత్రం లోపే ఎత్తేస్తాం, ఫోన్లో చూద్దువు గాని" అని అప్పటికే చెప్పేశారు.

నాన్న మెడలో తన పేరున ఒక దండ పడాలన్నదే అతని కోరిక. అంతకు మించి ఏమీ అడగలేదు. నలుగురం కూర్చుని ఇంటర్నెట్లో వెతికితే భారతదేశంలో ఏ ఊరికైనా నాలుగు గంటల్లో పూలు చేరుస్తామనే సైటు ఒకటి దొరికింది. 65 డాలర్లు కట్టాం. పూలదండ అని రాశాం, ఎందుకో కూడా రాశాం.

దహనం అయిపోయి అందరూ ఇంటికి వచ్చాక, దీపాలు పెట్టే వేళకు పార్శిలు వచ్చింది. దండ కాదు. గుండె ఆకారంలో కట్టిన ఎర్ర గులాబీల బొకే. చుట్టూ మెరుపు కాగితం, పైన రిబ్బను ముడి. ఫిబ్రవరి రెండో వారం కదా, ప్రేమికుల రోజుకని కట్టి పెట్టుకున్న వాటిలో ఒకటి తెచ్చి ఇచ్చారు. దాన్ని ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియక అరుగు మీద ఓ మూలకు నెట్టారట.

మూడో రోజున, తలకొరివి పెట్టిన బాబాయి ఫోను చేసి ఒకటే మాట అన్నారు. "ఒరేయ్, మన సెంటర్లోనే పూల కొట్టు ఉంది కదరా. నాకు గానీ వాడికి గానీ ఒక్క ఫోను కొడితే అరగంటలో దండ కట్టించి వేయిద్దును కదా. అక్కడెక్కడో చెప్పుకున్నారేమిట్రా?"

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. తర్వాత బాబాయే వాకబు చేస్తే తేలిందేమిటంటే, మేం డబ్బు కట్టిన సైటు వాళ్ళు ఆర్డరును ఇంకో నగరంలోని ఏజెంటుకు ఇచ్చారు. అతను రాజమండ్రిలో బొకేలు కట్టే దుకాణానికి ఇచ్చాడు. ఆ దుకాణం వాడికి అందిన చీటీలో చిరునామా, ఫోను నంబరు, "గులాబీలు" అన్న మాట తప్ప మరేమీ లేవు. మనిషి పోయాడన్న సంగతి దారిలో ఎక్కడో రాలిపోయింది. మేం కట్టిన 65 డాలర్లు, అంటే సుమారు అయిదున్నర వేల రూపాయల్లో, పూలు కట్టినవాడికి ముట్టింది 1,100 రూపాయలు. మూడు సార్లు మెయిలు పెడితే సైటు వాళ్ళు సగం డబ్బు తిరిగి ఇచ్చారు. ఆ డబ్బుతో మాకు పని లేదు.

ఈ సంగతి ఇక్కడ రాయడం ఒక కంపెనీని తిట్టడానికి కాదు. ఇలాంటి అనుభవం ఈ పత్రిక చదివేవారిలో చాలామందికి ఉంటుంది. అమ్మ పుట్టినరోజుకు పంపిన పూలు మర్నాడు చేరడం, పెళ్ళిరోజుకు చెప్పిన బొకే ఫొటోలో ఒకలా, చేతికి వచ్చేసరికి ఇంకోలా ఉండడం మామూలైపోయింది. దూరం కదా, అంతే అని సరిపెట్టుకుంటున్నాం. మేమూ అలాగే అనుకునేవాళ్ళం. కానీ ఇదే అమెరికాలో నూరేళ్ళ కిందట, కంప్యూటరు లేని రోజుల్లో, మామూలు పూల దుకాణాల వాళ్ళు ఇంతకంటే నమ్మకంగా ఈ పని చేసి చూపించారు. అది తెలుసుకున్నాక తప్పు దూరానిది కాదనిపించింది.

మా అపార్ట్‌మెంటుకు రెండు వీధుల అవతల ఒక పాత పూల దుకాణం ఉంది. దాని అద్దం మీద వెలిసిపోయిన స్టిక్కరు ఒకటి ఉంటుంది. రెక్కల టోపీ, రెక్కల చెప్పులు వేసుకుని, చేత్తో పూలగుత్తి పట్టుకుని పరిగెత్తే మనిషి బొమ్మ. రోమన్ల దేవదూత మెర్క్యురీ బొమ్మ అది. పూజకు చామంతులు కొనడానికి వెళ్ళినప్పుడల్లా చూస్తూనే ఉన్నాం గానీ, అదేమిటని ఎప్పుడూ అడగలేదు. ఈ సంఘటన తర్వాత అడిగితే ఆ పెద్దాయన పని ఆపి మరీ చెప్పాడు. ఆపైన మేం కొంత చదివి తెలుసుకున్నాం.

కాడతో కోసిన పూలకు ఆయుష్షు తక్కువ. వెనకటి రోజుల్లో అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పూలు పంపాలంటే పెట్టెలో తడి నాచు, ఐసు పెట్టి రైల్లో వేసేవారు. దగ్గరి ఊరైతే సరే. రెండు మూడు రోజుల ప్రయాణమైతే చేరేసరికి వాడిపోయేవి, ఖర్చు కూడా పూల ఖరీదును మించిపోయేది. దాంతో తెలివైన దుకాణదారులు కొందరు ఒక పని మొదలుపెట్టారు. న్యూయార్కులో ఉన్న మనిషి డెన్వర్లోని బంధువుకు పూలు పంపమంటే పూలను పంపేవారు కాదు. డెన్వర్లో తమకు తెలిసిన పూల దుకాణానికి టెలిగ్రాం కొట్టేవారు. అక్కడివాడు తన దగ్గర ఆ పూట ఉన్న తాజా పూలు కట్టి ఇచ్చి వచ్చేవాడు. లెక్క తర్వాత చూసుకునేవారు.

మనకు టెలిగ్రాం అంటే ఒకటే గుర్తు. తంతి వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. మన దేశంలో 2013 జులైలో ఆ సేవ ముగిసేదాకా పాతవాళ్ళకు ఆ భయం పోలేదు. ఇక్కడ మాత్రం అదే తంతి తీగ పుట్టినరోజు పూలను, పెళ్ళి పూలను, చావు పూలను కూడా మోసింది.

ఇందులో పూలు కదలవు, మాట ఒక్కటే కదులుతుంది. ఆలోచిస్తే మనకు బాగా తెలిసిన పద్ధతే. మన మనియార్డరు ఇలాగే నడిచింది. పాత వర్తకుల హుండీ ఇలాగే నడిచింది. ఇక్కడ కట్టిన నోట్లే అక్కడికి వెళ్ళవు. ఇక్కడ పుచ్చుకున్నవాడి మాట మీద అక్కడివాడు తన పెట్టెలోంచి తీసి ఇస్తాడు. వెస్టర్న్ యూనియన్ కంపెనీ 1871లో డబ్బు పంపే పని మొదలుపెట్టింది కూడా ఈ టెలిగ్రాం తీగల మీదే. ఆ కంపెనీ 2006లో టెలిగ్రాములు ఆపేసింది గానీ డబ్బు పంపడం ఆపలేదు. నెల నెలా ఇంటికి డబ్బు పంపే మనకు ఈ లెక్క ఒకరు విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే ఇందులో చిక్కు ఒకటుంది. న్యూయార్కు దుకాణదారు పంపిన టెలిగ్రాం చూసి డెన్వర్ వాడు పూలు ఇచ్చేస్తే, అతనికి డబ్బు వస్తుందన్న భరోసా ఏమిటి? అటువైపు చూస్తే, డెన్వర్ వాడు ఆ రోజు అమ్ముడుపోని వాడిపోయిన పూలు అంటగడితే న్యూయార్కులో ఉన్నవాడు చూడగలడా? కొన్నది ఒకరు, పుచ్చుకున్నది ఇంకొకరు. కొన్నవాడు పూలను చూడడు. పుచ్చుకున్నవాళ్ళు బహుమతిని వంక పెట్టడం మర్యాద కాదని ఊరుకుంటారు. మోసానికి ఇంతకంటే అనువైన వ్యాపారం లేదు.

ఈ చిక్కు విప్పడానికే 1910 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో, పూల వర్తకుల మహాసభకు వచ్చినవారిలో పది పదిహేను మంది దుకాణదారులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు ఫ్లోరిస్ట్స్ టెలిగ్రాఫ్ డెలివరీ. ఎఫ్‌టీడీ అని పొట్టి పేరు. డెన్వర్ పూల వ్యాపారి జాన్ వాలెంటైన్ తొలి అధ్యక్షుడు. పూల వ్యాపారికి ఆ ఇంటి పేరు ఉండడం కాకతాళీయమే. జర్మనీలో మాక్స్ హుబ్నర్ అనే ఆయన అంతకు రెండేళ్ళ ముందే, 1908లో, బెర్లిన్లో ఇలాంటి ఏర్పాటు మొదలుపెట్టాడు. బ్రిటన్లో 1923లో అమెరికా సంఘానికి శాఖ ఏర్పడింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1946లో ఈ మూడూ కలిసి ఇంటర్‌ఫ్లోరా అయ్యాయి. యుద్ధంలో ఎదురెదురుగా నిలిచిన దేశాల దుకాణదారులు, ఏడాది తిరిగేసరికి ఒకరి మాట మీద ఒకరు పూలు ఇచ్చుకోవడానికి ఒప్పుకున్నారన్నమాట.

ఆ పరిగెత్తే మెర్క్యురీ బొమ్మ 1914లో సంఘానికి గుర్తయింది. అద్దం మీద ఆ బొమ్మ ఉందంటే, ఈ దుకాణదారు సంఘం మనిషి అని అర్థం. ఇతని మాట మీద వేరే ఊళ్ళో పూలు దొరుకుతాయి. ఇతను తప్పుడు పని చేస్తే తోటి దుకాణదారులే నిలదీస్తారు, బొమ్మ తీయించేస్తారు.

డబ్బు లెక్క కూడా మా దుకాణం పెద్దాయన కాగితం మీద వేసి చూపించాడు. ఆర్డరు పుచ్చుకున్న దుకాణానికి నూటికి 20, పూలు కట్టి ఇంటికి చేర్చిన దుకాణానికి 80. చాలా కాలం సాగిన వాడుక ఇది. లెక్కలు సరిచూసి డబ్బు చేర్చినందుకు సంఘం ఆ 80 లోంచి 7 తీసుకునేది. పని చేసినవాడికి 73 మిగిలేది. మా 65 డాలర్లలో పూలు కట్టినవాడికి నూటికి 20 మాత్రమే ముట్టిందని పైన చెప్పాం. నూరేళ్ళ కిందట ఆర్డరు రాసుకున్నవాడికి దక్కిన వాటా ఈ రోజు పూలు కట్టినవాడికి దక్కుతోంది. లెక్క తలకిందులైంది. 1,100 రూపాయలకు అతను మాత్రం ఏం ఇవ్వగలడు? కట్టి ఉన్నది ఇచ్చాడు. అతని మీద మాకు కోపం లేదు.

డబ్బు కంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ పాత పద్ధతిలో కొన్నవాడికి, పుచ్చుకున్నవాళ్ళకు నడుమ ఇద్దరే ఇద్దరు. ఒకడు మన వీధివాడు, ఇంకొకడు వాళ్ళ వీధివాడు. మన వీధివాడు మన ముఖం చూస్తాడు, తండ్రి పోయాడంటే గొంతు తగ్గించి మాట్లాడతాడు. వాళ్ళ వీధివాడికి ఆ ఇల్లు తెలుసు, చావు కబురు మనకంటే ముందే తెలిసి ఉంటుంది. గుండె ఆకారం బొకే చావింటికి వెళ్ళే అవకాశం అక్కడ లేదు. టెలిగ్రాంలో మాటకింత అని డబ్బు కట్టాలి గనుక రాసేది పొట్టిగానే రాసేవారు. అయినా అసలు సంగతి రాలిపోలేదు. రెండు చివర్లా దాన్ని పట్టుకునే మనుషులు ఉన్నారు.

పూల వర్తకులందరూ ధర్మరాజులని మేం అనడం లేదు. 1917లో వాళ్ళు కనిపెట్టిన "పూలతో చెప్పండి" అనే నినాదం వ్యాపారం పెంచుకోవడానికే. మదర్స్ డే సంగతీ అంతే. అన్నా జార్విస్ అనే ఆవిడ తన తల్లి జ్ఞాపకార్థం 1908 మే నెలలో వెస్ట్ వర్జీనియాలోని గ్రాఫ్టన్ ఊరి చర్చికి 500 తెల్ల కార్నేషన్ పూలు పంపింది. 1914లో అధ్యక్షుడు విల్సన్ ఆ రోజును దేశమంతటికీ ప్రకటించాడు. ఆ తర్వాత పూల వర్తకులు, కార్డుల కంపెనీలు ఆ రోజును సొమ్ము చేసుకోవడం చూసి, 1948లో చనిపోయేదాకా ఆవిడ వాళ్ళతో పోట్లాడుతూనే ఉంది. శ్రావణ శుక్రవారం ముందు రోజు మన పూల బజార్లలో మూర ధర ఎలా లేస్తుందో తెలిసినవాళ్ళకు ఆవిడ కోపం అర్థమవుతుంది. పూల కొట్టువాడూ వ్యాపారే. కాకపోతే ఎదురుగా ఉన్న వ్యాపారి. ధర ఎక్కువైతే అడగగలం, పూలు బాగోకపోతే మర్నాడు వెళ్ళి చూపించగలం.

వలస వచ్చినవాళ్ళం గనుక ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఈ దేశంలో పూల వ్యాపారం ఇక్కడివాళ్ళు ఒక్కరే పెంచినది కాదు. న్యూయార్కు వీధుల్లో పూలమ్మిన తొలి తరాల్లో గ్రీసు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్ నుంచి వచ్చిన రైతులు 1912లో సొంత పూల మార్కెట్టు పెట్టుకున్నారు. ఇటలీవాళ్ళు, చైనావాళ్ళు వాళ్ళ పక్కనే పూలు పండించి అమ్మారు. ఆ జపాన్ రైతులకు 1913లో కాలిఫోర్నియా చట్టం భూమి కొనే హక్కు లేకుండా చేసింది. 1942లో ఇళ్ళూ తోటలూ వదిలిపెట్టించి ప్రభుత్వం వాళ్ళను శిబిరాల్లో పెట్టింది. తిరిగి వచ్చినవాళ్ళలో కొందరు మళ్ళీ పూలే వేశారు. ఈ రోజు ఇక్కడ అమ్ముడయ్యే పూలలో ఎక్కువ భాగం కొలంబియా, ఈక్వడార్లలో కూలి స్త్రీలు కోసి, కట్టి, విమానమెక్కిస్తే మయామీలో దిగి వస్తున్నాయి. అంటే మన వీధిలోని దుకాణం వెనక ఉన్నదంతా మనలాంటి కష్టజీవుల చెయ్యే. ఆ దుకాణానికి దక్కాల్సింది దక్కాలని అడగడంలో మన స్వార్థం కూడా ఉంది.

మరి అంత చక్కటి ఏర్పాటు ఎందుకు చెడింది? ఒక్క రోజులో చెడలేదు. 1965లో టెలిగ్రాఫ్ అన్న మాట పోయి ట్రాన్స్‌వరల్డ్ అన్న మాట పేరులో చేరింది. అందులో తప్పేమీ లేదు. 1994లో మాత్రం దుకాణదారులు తమ సొంత సంఘాన్ని పెట్టుబడిదారులకు అమ్ముకున్నారు. అప్పటిదాకా సంఘం దుకాణాల కోసం పని చేసేది. ఆ తర్వాత లాభం చూపించాల్సిన కంపెనీ అయింది. అదే కాలంలో టోల్‌ఫ్రీ నంబర్లు, వెంటనే ఇంటర్నెట్టు వచ్చాయి. ఒక్క పువ్వు కూడా లేని కార్యాలయం నుంచి దేశమంతటి ఆర్డర్లూ పుచ్చుకోవచ్చని కొందరు కనిపెట్టారు. ఊరి పేరు ముందు తగిలించుకుని, ఆ ఊరి నంబరే అన్నట్టు టెలిఫోను డైరెక్టరీలో ప్రకటన ఇచ్చేవారు. ఫోను మోగేది ఎక్కడో వేరే రాష్ట్రంలో. ఈ మోసం ఎంత ముదిరిందంటే, ఊళ్ళో లేని పూల దుకాణం ఊళ్ళో ఉన్నట్టు చెప్పుకోకూడదని అనేక రాష్ట్రాలు ప్రత్యేకంగా చట్టాలు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ ఆట ఇంటర్నెట్ వెతుకులాటలో సాగుతోంది.

చివరికి పెట్టుబడిదారుల చేతుల్లోకి వెళ్ళిన ఆ ఎఫ్‌టీడీ కూడా 2019 జూన్లో దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. దాని వ్యాపారాలను ముక్కలుగా కొన్నారు. పేరు మిగిలింది, మా వీధి దుకాణం అద్దం మీద స్టిక్కరూ మిగిలింది. "బొమ్మ గీకేద్దామనుకున్నాను, మా నాన్న అంటించింది గదా అని ఊరుకున్నాను" అన్నాడు ఆ పెద్దాయన.

మా మాట వినగానే కొందరు అభ్యంతరం చెబుతారని తెలుసు. డబుల్ షిఫ్టు చేసి అర్ధరాత్రి ఇంటికి వచ్చినవాడికి ఫోన్లు చేసే ఓపిక ఎక్కడుంటుంది, రెండు సార్లు నొక్కితే పని అయిపోతుంది కదా అంటారు. నిజమే. పుట్టినరోజు కేకు ఒక గంట ఆలస్యమైతే కొంప మునగదు. అలాంటి వాటికి సైటు వాడుకున్నా మేం తప్పు పట్టం. చెప్పిన పని చెప్పినట్టు చేసే సైట్లు ఉంటాయి కూడా. మా బాధల్లా తిరిగి చేయడానికి వీల్లేని సందర్భాల గురించే. చావింటికి దండ రేపు వేస్తామంటే కుదరదు.

ఊళ్ళో పూల కొట్టువాడికి అమెరికా కార్డు పనికిరాదు, డబ్బు ఎలా ఇవ్వాలి అని ఇంకొందరు అంటారు. ఇది ఒకప్పటి ఇబ్బంది. ఎన్నారై ఖాతాలున్నవారు అమెరికా సహా కొన్ని దేశాల ఫోను నంబర్లతోనే యూపీఐ వాడుకునే వీలు 2023లో కల్పించారు. అది లేనివారికి చెల్లెలో, బావగారో, చిన్ననాటి స్నేహితుడో ఉండనే ఉన్నారు. నిజం చెప్పాలంటే మన ఊరి కొట్టువాడు డబ్బు కోసం ఆ పూట ఆగడు. ఫలానావారి అబ్బాయినని చెబితే చాలు, దండ ముందు వెళుతుంది, డబ్బు తర్వాత వస్తుంది. రోచెస్టర్లో సంఘం పెట్టి కుదుర్చుకున్న నమ్మకం మన ఊళ్ళో పేరు చెబితేనే దొరుకుతుంది. దాన్ని వాడుకోకుండా 65 డాలర్లు పోసి నమ్మకం లేని చోట కొనుక్కున్నాం.

అందుకని మేం నలుగురం అనుకున్నవి, చేసినవి ఇక్కడ రాస్తున్నాం. పాఠకులకు పనికి వస్తాయేమో చూడండి.

ముందుగా, మన ఊళ్ళో లేదా దగ్గరి టౌనులో ఉన్న పూల కొట్టు నంబరు ఒకటి సంపాదించాం. ఒకరిది కడియపులంక పక్క ఊరు. నర్సరీలు, పూల మార్కెట్టు ఉన్న చోటు కనుక కష్టం కాలేదు. మిగతావాళ్ళకు ఇంట్లోవాళ్ళను అడిగితే పది నిమిషాల్లో దొరికింది. అవసరం లేని రోజున ఒకసారి ఫోను చేసి ఫలానావాళ్ళ పిల్లలమని పరిచయం చేసుకున్నాం. హైదరాబాదులో ఇల్లున్న మిత్రుడు గుడిమల్కాపూర్ మార్కెట్టుకు రోజూ వెళ్ళే కొట్టువాడి నంబరు తీసుకున్నాడు. ఈ నంబర్లు ఫోన్లో ఒక్కటే పెట్టుకుంటే చాలదని, గది తలుపు వెనక కాగితం మీద కూడా రాసి అంటించాం. కబురు వచ్చిన రాత్రి ఎవరికీ బుర్ర పని చెయ్యదు.

రెండోది, ఇక్కడ అమెరికాలో వేరే ఊళ్ళో మనవాళ్ళకో, పని చేసే చోట పోయిన తోటివారికో పూలు పంపాల్సి వస్తే ఆ ఊళ్ళో ఉన్న దుకాణానికే నేరుగా ఫోను చేస్తున్నాం. ఫ్యూనరల్ హోముకు ఫోను చేసి, మీకు దగ్గర్లో పూలు తెచ్చే దుకాణం ఏదని అడిగితే చెబుతారు. దుకాణం నిజంగా ఆ ఊళ్ళో ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. మీరు ఏ వీధిలో ఉన్నారు, ఈ పూట మీ దగ్గర ఏ పూలు బాగున్నాయి? నిజమైన దుకాణదారు వెనక్కి తిరిగి బకెట్లు చూసి చెబుతాడు. ఊళ్ళో లేనివాడు నీళ్ళు నములుతాడు.

మూడోది, పువ్వు పేరు పట్టుకుని వేలాడకండి. ఇన్ని డాలర్లు ఇస్తాం, ఇది సందర్భం, మీ దగ్గర ఉన్నవాటిలో తాజావి చూసి కట్టండి అని చెబితే దుకాణదారుకూ సులువు, మనకూ మంచి పూలు వస్తాయి. టెలిగ్రాం కాలంలో ఈ వ్యాపారం నడిచింది ఇలాగే.

నాలుగోది, సందర్భం మన నోటితో చెప్పాలి. చావుకో, పెళ్ళికో, పురుడుకో అన్నది సైటులో గడి నింపి వదిలేస్తే ఏమవుతుందో మేం చూశాం. అవతల మనిషి "అయ్యో" అన్నాడంటే కబురు చేరినట్టు.

మన పత్రికకు కూడా ఒక విన్నపం. పండుగల ముందు కిరాణా దుకాణాల ప్రకటనలు వేస్తారు కదా, అలాగే పాఠకులు తమకు బాగా పని చేసిన పూల కొట్ల పేర్లు, ఊళ్ళు పంపితే ఏడాదికోసారి ఒక పేజీ కేటాయించండి. రోచెస్టర్లో కలిసింది పది పదిహేను మందే. ఈ పత్రిక చదివే ఇళ్ళు అంతకంటే చాలా ఎక్కువ. ఒకరి అనుభవం ఇంకొకరికి హామీగా నిలవడానికి అది చాలు.

మా మిత్రుడి నాన్నగారి మాసికం వచ్చిన రోజున సెంటర్లోని కొట్టుకు అతనే ఫోను చేశాడు. కొట్టువాడు పేరు చెప్పకముందే గుర్తుపట్టి, "మేస్టారి అబ్బాయిగారా? బంతిపూలు తెల్లారే వచ్చాయండి, మేస్టారికి తులసి కూడా కలిపి కడతాను" అన్నాడు. ఫొటోకు వేసిన దండను బాబాయి వీడియోలో చూపించారు. అయిన ఖర్చు 250 రూపాయలు. మేం పడుకునేసరికి రాత్రి రెండయింది. మర్నాడు అందరం డ్యూటీకి వెళ్ళాం.